అప్‌డేట్: 6 వోల్టుల పాత కారు టెయిల్ లైట్ బల్బులు దొరికాయి, మసక సమస్యా తీరింది

6 వోల్టుల, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌ని కారు బాడీకి కలిపే పద్ధతి) ఉన్న మా పాత కారుకి టెయిల్, బ్రేక్ లైట్ల బల్బులు దొరకడం లేదని, ఉన్నవి మసగ్గా వెలుగుతున్నాయని అడిగాను కదా. సాయం చేసిన అందరికీ థాంక్స్.

కారు మోడల్ పేరుతో కాకుండా 1154 అనే బల్బు నంబరుతో వెతకమన్న సలహా పనిచేసింది. ఇది 6 వోల్టుల, రెండు ఫిలమెంట్ల బల్బు. 12 వోల్టుల 1157కి కూడా ఇదే బేస్, అదీ హోల్డర్‌లో చక్కగా కూర్చుంటుంది. కాబట్టి కొనేటప్పుడు వోల్టేజి చూసి తీసుకోండి.

కొత్త బల్బులు వేసినా మసక పోలేదు. ఆటో ఎలక్ట్రీషియన్ అసలు కారణం పట్టుకున్నారు: ల్యాంప్ హౌసింగ్ బాడీకి తగిలే చోట తుప్పు. బ్రేక్ నొక్కి ఉంచి, హోల్డర్‌కీ బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కీ మధ్య మల్టీమీటర్ పెడితే దాదాపు 1 వోల్టు చూపించింది. ఉన్న ఆరింటిలో ఒకటి అక్కడే పోతే వెలుగు బాగా పడిపోతుంది మరి. తుప్పు గీకి, విడిగా ఎర్త్ వైరు వేశారు. ఇప్పుడు పగలు కూడా బ్రేక్ లైటు స్పష్టంగా కనిపిస్తోంది, నాకు పెద్ద టెన్షన్ తీరింది.

డైనమో, రెగ్యులేటర్ బాగానే ఉన్నాయి. ఎల్‌ఈడీల అవసరం రాలేదు. వేసుకునేవాళ్లు మాత్రం పాజిటివ్ ఎర్త్‌కి పనికొచ్చేవేనా అని ముందే అడగండి, పోలారిటీ తిరగబడితే చాలావరకు వెలగవు.