బొగ్గుల గ్రిల్ మీద చువ్వకి గుచ్చిన కోడి ఒక పక్కే మాడుతోంది, ఏం చేయాలి?

వశిష్ట_ఒడ్డు:
అందరికీ నమస్కారమండి. మాది సఖినేటిపల్లి దగ్గర. దొడ్లో సగానికి కోసిన ఇనుప డ్రమ్ముతో బొగ్గుల గ్రిల్ చేయించుకున్నాం, సీకులూ రొయ్యలూ దాని మీద బాగానే వస్తున్నాయి. ఈ మధ్య మా అక్కావాళ్ళు అమెరికా నుంచి వస్తూ రోటిసరీ కిట్టు తెచ్చారు, అంటే ఒక పొడుగాటి చువ్వ, కోడిని రెండు వైపులా పట్టుకునే ముళ్ళ కొక్కేలు, ఓ చిన్న మోటారు. మోటారు మీద 120 వోల్టులు అని రాసుంది కాబట్టి ఇంకా ప్లగ్గులో పెట్టలేదు, ప్రస్తుతానికి మా తమ్ముడే చేత్తో తిప్పుతున్నాడు.

తిప్పడం ఆపి చెయ్యి వదిలాడో లేదో కోడి గిర్రున తిరిగి ఒకటే పక్క కిందకి వచ్చి ఆగిపోతోంది. ఆ పక్క నల్లగా మాడిపోతోంది, లెగ్ పీసు కోసి చూస్తే ఎముక దగ్గర ఇంకా ఎర్రగానే ఉంటోంది. కొవ్వు బొగ్గుల మీద పడి మంట లేస్తోంది, నీళ్ళు చల్లితే బూడిద ఎగిరి కోడికే అంటుకుంటోంది, దానికి తోడు సాయంత్రమైతే సముద్రం గాలి. సంక్రాంతికి బావగార్లతో సహా ఇల్లంతా జనమే, ఈలోపు ఒక దారికి తేవాలి. మోటారుకి ఏం చేయాలి, బొగ్గు ఎలా పేర్చాలి, కొబ్బరి చిప్పల బొగ్గు పనికొస్తుందా?

లేతు_మేస్త్రి (భీమవరం):
మోటారు సంగతి తర్వాత, ముందు తూకం కుదరాలండి. కోడికి బ్రెస్ట్ వైపు మాంసం ఎక్కువ, వీపు వైపు అంతా ఎముకే, కాబట్టి మధ్యలోంచే గుచ్చామనుకున్నా ఒక పక్కకి వాలుతుంది. కొక్కేలు బిగించాక చువ్వ రెండు చివర్లనీ రెండు కుర్చీల వీపుల మీద వదులుగా ఆనించి వదిలేయండి. ఏ పక్క కిందకి వచ్చి ఆగితే అదే బరువు పక్క. కిట్టులో చువ్వకి బిగించే చిన్న ఇనుప బరువు ఉందేమో చూడండి, ఉంటే దాన్ని సరిగ్గా ఎదురు పక్కకి తిప్పి బిగించాలి. లేకపోతే వెల్డింగ్ షాపులో చువ్వకి అడ్డంగా ఒక మరచుట్ల ఊచ, దాని మీద ముందుకీ వెనక్కీ జరిగే పెద్ద నట్టు పెట్టించుకోండి. కోడిని ఎలా తిప్పి వదిలినా అక్కడే ఆగితే తూకం కుదిరినట్టు.

రెక్కలూ కాళ్ళూ నూలు దారంతో ఒంటికి దగ్గరగా కట్టేయండి. ప్లాస్టిక్ పురికొస వద్దు, కరిగిపోతుంది. రెక్క వేలాడిందంటే ముందు అదే మాడుతుంది, తూకమూ చెడుతుంది. ఇంకోటి, ఉడికేకొద్దీ మాంసం కుంచించుకుపోయి కొక్కేలు వదులవుతాయి, మధ్యలో ఒకసారైనా గ్లౌజు వేసుకుని బిగించాలి. లేదంటే చువ్వ తిరుగుతుంది, కోడి తిరగదు.

మోటారుని మన 230లో నేరుగా పెడితే కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి, ఈ మోటార్లు లాగే కరెంటు చాలా తక్కువ కాబట్టి చిన్నది, 100 వాట్లది ధారాళంగా సరిపోతుంది. అయితే అది వోల్టేజీనే మారుస్తుంది, ఫ్రీక్వెన్సీని కాదు. అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే రకం మోటారైతే ఆరో వంతు నెమ్మదిస్తుంది, కోడికి దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. నిమిషానికి మూడు చుట్లు తిరిగినా ఆరు తిరిగినా బాగానే కాలుతుంది. కరెంటు కోతల బాధ ఉంటే 12 వోల్టుల గేరు మోటారు తీసుకుని బ్యాటరీకి పెట్టుకోండి, అసలు ట్రాన్స్‌ఫార్మరే అక్కర్లేదు. వైపర్ మోటారు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకండి, ఆ స్పీడుకి పైన పూసిన మసాలా గోడకి పోతుంది.

ఎప్పుడైనా కొత్త చువ్వ చేయించాల్సి వస్తే స్టెయిన్‌లెస్ స్టీలే అడగండి. జీఐ రాడ్డు చవకని ఇస్తారు, దాని మీద జింకు పూత ఉంటుంది, బాగా వేడెక్కితే వచ్చే పొగ మంచిది కాదు.

చిప్పల_బట్టీ:
కోనసీమలో కూర్చుని చిప్పల బొగ్గు పనికొస్తుందా అని అడుగుతారేంటండీ బాబూ! మన చిప్ప బొగ్గుని నీళ్ళ ఫిల్టర్లలో వాడే యాక్టివేటెడ్ కార్బన్ కోసం కంపెనీలే కొనుక్కుపోతాయి. వేడి గట్టిగా ఇస్తుంది, బూడిద తక్కువ. కానీ చిప్పని చిప్పలాగే గ్రిల్లులో వేయకండి. ఎంత ఎండినదైనా తారు పొగ వదులుతుంది, ఆ చేదు కోడి తోలుకి పట్టేస్తుంది. వేరే డ్రమ్ములో ముందే కాల్చి, తెల్లటి దట్టమైన పొగ పోయి పలచబడ్డాక మూత పెట్టి గాలి చొరకుండా చుట్టూ మట్టి మెత్తి, పూర్తిగా చల్లారాకే తియ్యండి. విరిస్తే ఖంగుమనాలి. సగం కాలినవి ఏరి పక్కన పెట్టాలి. ముక్కలు పలచన కాబట్టి డ్రమ్ము అడుగున జాలీ సన్నది వేయించండి, లేకపోతే సగం బొగ్గు కిందకే పోతుంది. నేనైతే సరుగుడు బొగ్గు సగం కలుపుతాను. రాజేయడానికి కిరసనాయిలు వాసన ఎందుకండీ, ఎండు డొక్క పీచు ఉండగా.

పేర్చడం ముఖ్యం. కోడి కింద ఒక్క నిప్పు కూడా ఉండకూడదు. పొలం గట్లలాగా ముందొకటి, వెనకొకటి రెండు వరసలు పేర్చి, మధ్యలో కోడికి సరిగ్గా కింద వెడల్పాటి ట్రే పెట్టి కాసిని నీళ్ళు పొయ్యండి. కొవ్వు ట్రేలో పడుతుంది, ఇక మంట లేవదు, మీరు నీళ్ళు చల్లే పనే ఉండదు. నిప్పుల మీద బూడిద పొర కమ్మాకే కోడిని ఎక్కించాలి. అరగంటకోసారి రెండు పక్కలా నాలుగేసి ముక్కలు వేస్తుండండి. గాలి వచ్చే వైపు రేకు నిలబెట్టండి. కోసేసిన రెండో సగం డ్రమ్ము ఉంటే చువ్వకి గాట్లు పెట్టించి మూతలా బోర్లించండి, మూత ఉంటే కిలోన్నర కోడి గంటా గంటంపావులో అయిపోతుంది. లేకపోతే ఓపిక పట్టాలి.

తణుకు_తిండి:
నిప్పు కింద లేకపోతే ఆ కాల్చిన రుచి ఎక్కడ్నుంచి వస్తుందండీ? మేం ఎప్పుడూ కిందే పెడతాం.

చిప్పల_బట్టీ:
సీకు ముక్కలకి మీరు చెప్పిందే కరెక్టు, పది నిమిషాల పని కదా. నిండు కోడికి గంట పైన పడుతుంది, అంతసేపు కింద నిప్పుంటే తోలు బొగ్గవుతుంది. మీకు ఆ రుచి కావాలంటే చివరి ఐదు నిమిషాలు ట్రే తీసేసి నిప్పులు దగ్గరికి లాగండి, దగ్గరే నిలబడి చూసుకోండి.

పాలకొల్లు_పిన్ని:
మగాళ్ళంతా మోటార్లూ బట్టీలూ అంటున్నారు, కోడి గురించి ఎవరూ చెప్పట్లేదు. షాపులో ముందే చెప్పండి బాబూ, తోలు తియ్యొద్దు, ముక్కలు కొట్టొద్దు అని. చెప్పకపోతే అలవాటుగా రెండూ చేసేస్తారు. కిలోన్నర లోపు బ్రాయిలర్ చాలు. లీటరు నీళ్ళకి 50 గ్రాముల ఉప్పు కలిపి ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలు నానబెట్టి, తీసి గుడ్డతో పొడిగా తుడిచేయండి. తర్వాత మసాలాలో మళ్ళీ ఉప్పు వేయకండి. పెరుగు గుప్పెళ్ళతో పట్టించారనుకోండి, తిరిగేటప్పుడు సగం కారిపోతుంది. అల్లం వెల్లుల్లి, మిరియాలు, ధనియాల పొడి, నూనె పలచగా రాస్తే చాలు. కారం ఎక్కువైతే నల్లబడుతుంది, మసాలాలో సగం కడుపులోపలే పుయ్యండి. తేనె గానీ బెల్లం పాకం గానీ రాయాలనుకుంటే చివరి పది నిమిషాల్లోనే. ఆ ట్రేలో నీళ్ళకి బదులు సగం ఉడికించిన కంద ముక్కలు పరిచి చూడండి, కొవ్వంతా పీల్చుకుని ఎంత బాగుంటాయో, మా ఇంట్లో కోడి కన్నా ముందు అవే అయిపోతాయి.

ఉడికిందా లేదా అని రంగు చూసి చెప్పొద్దు. వంట థర్మామీటరు ఒకటి కొనుక్కోండి. తొడ లావుగా ఉన్నచోట, ఎముకకీ చువ్వకీ తగలకుండా గుచ్చితే కనీసం 74 డిగ్రీలు చూపించాలి, 80 దాకా వెళ్తే తొడ మాంసం ఇంకా మెత్తగా ఉంటుంది. దించాక పది నిమిషాలు ఆగి కోయండి.

వశిష్ట_ఒడ్డు:
అందరికీ థాంక్సండి. కిట్టు డబ్బా అడుగున కాగితంలో చుట్టి ఒక బరువు కనిపించింది, అదేంటో తెలియక పక్కన పడేశాం! ట్రాన్స్‌ఫార్మర్ కోసం పంటు ఎక్కి గోదావరి దాటి నరసాపురం వెళ్తున్నాను. ఇంకో రెండు ప్రశ్నలు. పండక్కి పుంజు మాంసం వస్తుంది కదా, దాన్ని ఎక్కించొచ్చా? చేపో?

పాలకొల్లు_పిన్ని:
పుంజుని ఎక్కించకు నాయనా. ముదురు కండ, పొడి వేడికి ఇంకా బిగుసుకుపోతుంది. కుక్కర్లో పెట్టి పులుసు చేసుకోండి, గారెల్లోకి అదే బాగుంటుంది.

లేతు_మేస్త్రి (భీమవరం):
చేపని చువ్వకి గుచ్చితే ఉడికేసరికి విడిపోయి ట్రేలో పడుతుంది. స్టెయిన్‌లెస్ తీగతో మూతపడే చిన్న జాలీ పెట్టె చేయించి చువ్వకి బిగించండి, లోపల నూనె రాయడం మర్చిపోవద్దు. కిలో పైన పండుగప్ప అయితే బాగుంటుంది. పులస మాత్రం వద్దు, ఆ రేటు పెట్టి కొన్నది చువ్వకెక్కిస్తే ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని ఎక్కిస్తారు. పెట్టె కొలతలు కావాలంటే మీ డ్రమ్ము పొడవు ఇక్కడ రాయండి, బొమ్మ గీసి పెడతాను.