“నాకేం కాలేదు” అంటూనే ఉన్న స్నేహితురాలితో ఎలా మాట్లాడాలి? (అమెరికా నల్లజాతి స్త్రీల ఆరోగ్యం)

అట్లాంటా_నైట్‌డ్యూటీ
అందరికీ నమస్తే. నేను అట్లాంటాలో నర్సుని. మా యూనిట్లో సగానికి పైగా నల్లజాతి అక్కలే. నాకు పని నేర్పిన ఛార్జ్ నర్సు ఈ మధ్య డ్యూటీ దిగాక కారులో స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఇరవై నిమిషాలు అలాగే కూర్చుంటోంది. మొన్న తనే బీపీ చూసుకుంటుంటే మెషీన్ మీద 168/102 కనిపించింది. నన్ను చూసి గబుక్కున కఫ్ పీకేసి “నాకేం కాలేదు, అమ్మకి మందులు కొనాలి” అని వెళ్లిపోయింది. తల్లి, ఇద్దరు పిల్లలు, చెల్లెలి కొడుకు, అందరూ ఆమె జీతం మీదే. మనసు సంగతి ఆమె దగ్గర ఎలా ఎత్తాలి? ఆసుపత్రిలోనే పని చేస్తూ డాక్టర్ దగ్గరికి వెళ్లనంటుంది. దీని వెనక చరిత్ర ఏమైనా ఉందా?

ల్యాబ్_లావణ్య
హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి హీలా కణాలు (ప్రయోగాల కోసం ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) పెంచేదాన్ని. 37 డిగ్రీల ఇంక్యుబేటర్, గులాబి రంగు మీడియం, ఫ్లాస్కు మీద మార్కర్‌తో పేరు, తేదీ. హీలా అంటే హెన్రియెట్టా లాక్స్ అనే మనిషి అని నాకు రెండేళ్ల దాకా తెలియదు. ఐదుగురు పిల్లల తల్లి. 1951లో బాల్టిమోర్ జాన్స్ హాప్‌కిన్స్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి వైద్యం చేస్తూ, ఆమెను అడగకుండానే కణితి ముక్క ల్యాబ్‌కి పంపారు. ఆ అక్టోబరులోనే పోయింది, 31 ఏళ్లు. పోలియో టీకా పరీక్షలకి కూడా ఆ కణాలే వాడారు. ఇంట్లోవాళ్లకి మాత్రం ఇరవై ఏళ్లకి పైగా తెలియలేదు. పని అయిపోయాక ఆ ఫ్లాస్కుల్లో బ్లీచ్ పోసి పారబోసేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగుండదు.

డాక్టర్_గైనిక్_గుంటూరు
గైనిక్‌లో నాది 26 ఏళ్ల సర్వీసు, అసలు మూలం నేను చెబుతాను. లోపల పరీక్ష చేయడానికి మేం రోజూ చేత్తో పట్టుకునే సిమ్స్ స్పెక్యులమ్ అనే పరికరం ఉంది కదా, ఆ డాక్టర్ మారియన్ సిమ్స్ 1845 నుంచి 1849 దాకా అలబామాలోని మాంట్‌గోమరీలో నల్లజాతి బానిస స్త్రీల మీద ఫిస్టులా (కాన్పులో చిరిగి మూత్రం కారే రంధ్రం) ఆపరేషన్లు చేసి పద్ధతి సాధించాడు. మత్తు ఇవ్వలేదని ఇప్పుడందరూ తిడుతున్నారు. బోస్టన్‌లో ఈథర్ అనే మత్తుమందుని అందరి ముందు చూపించిందే 1846 అక్టోబరులో. లేని మందు ఎలా ఇస్తాడు? కాన్పు కష్టమై, ఎప్పుడూ మూత్రం కారుతూ మూలన పడి ఉండే ఆడవాళ్లకి ఆ ఆపరేషన్ మళ్లీ బతుకునిచ్చింది.

జార్జియా_అల్లుడు
డాక్టర్ గారూ, మీ లెక్క ప్రకారమే 1846 తర్వాత ఇంకా మూడేళ్లు ఉన్నాయి. ఆ బానిస స్త్రీలలో అనార్కా అనే ఆమెకి దాదాపు 30 ఆపరేషన్లు చేశాడు. లూసీ అనే ఇంకొకామె మూత్రాశయంలో స్పాంజి పెడితే ఇన్ఫెక్షన్ వచ్చి చావు దాకా వెళ్లింది. మూడో ఆమె బెట్సీ. వాళ్లు వద్దంటే ఆపేవాడా? సరే అన్నది వాళ్ల యజమానులు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఉన్న ఆయన విగ్రహాన్ని 2018లో తీసేశారు. 2021లో మాంట్‌గోమరీలో ఆ ముగ్గురికీ విగ్రహాలు పెట్టారు, పాత లోహపు సామాన్లు అతికించి చేసినవి. మా పాపని తీసుకెళ్లి చూపించాం.

డాక్టర్_గైనిక్_గుంటూరు
ఈథర్ వచ్చాక కూడా ప్రమాదమని భయపడి వాడని సర్జన్లు ఎంతోమంది. ఆ కాలాన్ని బట్టి చూడాలి. నాలుగు పేజీలు చదివి డాక్టర్లకే పాఠాలు చెబితే ఎలా?

స్వాతి_ఆర్ఎన్
సర్, ఈథర్ సంగతి పక్కన పెట్టండి. నల్లవాళ్లకి నొప్పి తక్కువ అనే నమ్మకం ఆ రోజులతో పోలేదు. 2016లో వర్జీనియా యూనివర్సిటీలో తెల్లజాతి మెడికల్ విద్యార్థులని, శిక్షణలో ఉన్న డాక్టర్లని (రెసిడెంట్లని) అడిగితే, నల్లవాళ్ల చర్మం మందం లాంటి తప్పుడు మాటల్లో ఒక్కటైనా నిజమని సగం మంది నమ్మారు. రేపు మందు రాసేది వాళ్లే.

కిరణ్_స్టోర్స్
ఇంత చరిత్ర ఎందుకండీ? నల్లోళ్ల ఏరియాలో ఆరేళ్లు స్టోర్ నడిపాను. చిప్స్, సోడా తప్ప కొనరు. తిండి మారిస్తే సగం రోగాలు పోతాయి.

జార్జియా_అల్లుడు
ముందు “నల్లోళ్లు” అనడం ఆపండి. నా భార్యని, నా కూతుర్ని అంటున్నారు మీరు. మీ స్టోర్లో ఎప్పుడైనా టమాటాలు, ఆకుకూరలు పెట్టారా?

నా భార్య టీచర్, రోజూ మూడు మైళ్లు నడుస్తుంది. కాన్పు అయిన ఆరో రోజు తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. ఫోన్ చేస్తే నిద్ర లేక అన్నారు. మళ్లీ చేస్తే అదే మాట. మా అత్తగారు తన బీపీ మెషీన్ తెచ్చి కట్టారు. 178/112. ఆమె తల్లి పల్లెలో మంత్రసాని, కాళ్ల వాపు చూసే పోల్చుకునేదట. ఎమర్జెన్సీలో నా భార్య చెబితే “నొప్పి పదికి ఎంత” అని రాసుకుని వెళ్లారు. నేను గొంతు పెంచాకే డాక్టర్ వచ్చాడు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఎక్కించేసరికి రాత్రి రెండయింది. ఇందులో ఏ సోడా తప్పుందో చెప్పండి.

స్వాతి_ఆర్ఎన్
2017లో నల్లజాతి టెన్నిస్ స్టార్ సెరెనా విలియమ్స్ కాన్పు తర్వాత ఊపిరి ఆడక, సీటీ స్కాన్ తీయండి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇవ్వండి అని తనే చెప్పాల్సి వచ్చింది. మొదట నమ్మలేదు. స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు. డబ్బు లేకా, తిండి తెలియకా? 2023లో అమెరికాలో లక్ష జననాలకి చనిపోయిన తల్లులు నల్లజాతిలో 50.3, తెల్లజాతిలో 14.5.

కిరణ్_స్టోర్స్
ఆ మాట తప్పే, ఒప్పుకుంటాను. కూరగాయలు తెస్తే కుళ్లిపోయేవి, నష్టం ఎవరు భరిస్తారు?

డాక్టర్_గైనిక్_గుంటూరు
మీ ఆవిడ విషయంలో నాకు వాదన లేదు. కాన్పు తర్వాత ఆరు వారాల దాకా బీపీ పెరగొచ్చు. 160/110 దాటితే ఫోన్లు చేస్తూ కూర్చోకుండా నేరుగా వెళ్లాలి. సిమ్స్ విషయంలో మాత్రం నా మాట అదే.

డాలస్_హిమబిందు
జుట్టు సాఫీ చేసే రసాయనాల గురించి ఎవరూ రాయలేదు. ఏడాదిలో నాలుగుసార్లకి మించి వాడినవాళ్లలో గర్భాశయ క్యాన్సర్ ముప్పు రెట్టింపు కన్నా ఎక్కువని 2022లో ఇక్కడి ప్రభుత్వ అధ్యయనం తేల్చింది. ఆఫీసుల్లో ఉంగరాల జుట్టుకి పేర్లు పెడుతుంటే వాళ్లేం చేస్తారు, చిన్నప్పటి నుంచీ పూస్తారు. మా అమ్మాయి పెళ్లికి స్మూతెనింగ్ అంటోంది. ఎవరైనా చేయించారా?

ఉష_కౌన్సిలర్
మొదటి ప్రశ్న అందరూ వదిలేశారు. మా క్లినిక్‌కి వచ్చే నల్లజాతి స్త్రీలు డిప్రెషన్ అనే మాట పలకరు. నడుం నొప్పి, నిద్ర లేదు, పిల్లల మీద విసుగు అంటారు. “నువ్వు గట్టిదానివి” అని మాత్రం అనకమ్మా, ఆ మాట మోసీ మోసీ అలిసిపోయి ఉంటుంది. నల్లజాతి స్త్రీల ఆరోగ్య ఉద్యమకారిణి బిల్లీ ఏవరీ 1983లో మీ అట్లాంటాలోనే, స్పెల్మన్ కాలేజీలో, నల్లజాతి స్త్రీల ఆరోగ్యం మీద పెద్ద సదస్సు పెట్టింది. నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఒకరి బాధ ఒకరు చెప్పుకోవడమే ఆమె నమ్మిన పద్ధతి. నువ్వూ ప్రశ్నలు వేయకు, పక్కన కూర్చో.

అట్లాంటా_నైట్‌డ్యూటీ
ఉషక్కా, ఈ రోజు పొద్దున ఫ్లాస్కులో టీ తీసుకెళ్లి కారు అద్దం తట్టాను. తలుపు తీసింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మిసిసిపీలో ఉండే వాళ్ల పెద్దమ్మ సంగతి చెప్పింది. చిన్న ఆపరేషనని తీసుకెళ్లి గర్భసంచి తీసేశారట. పౌరహక్కుల నాయకురాలు ఫానీ లూ హేమర్‌కి 1961లో జరిగింది కూడా ఇదే, కణితి తీస్తామని చెప్పి. ఆసుపత్రిలో పడుకోవాలంటే పెద్దమ్మే గుర్తొస్తుందంది. గురువారం అపాయింట్‌మెంట్ తీసుకుంది, గదిలోకి నేనూ వెళ్తాను. అన్నయ్యా, మీ అత్తగారి బీపీ మెషీన్ మణికట్టుదా, భుజానిదా?

జార్జియా_అల్లుడు
భుజానిదే కొనమ్మా. చేతి చుట్టుకొలత చూసి కఫ్ తీసుకో, చిన్నదైతే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. వారం రోజులు రెండు పూటలా కాగితం మీద రాయించు. ఆ కాగితం డాక్టర్ చేతికి ఇవ్వండి.