సమస్య: మంచు కాళ్ళు నఱికె, మంట మోసె

నిర్వాహకుడు: నిన్న రాత్రి పెద్దన మనుచరిత్ర రెండో ఆశ్వాసం తిరగేస్తుంటే తట్టిన పాదం. కాలికి పసరు పూసుకుని హిమాలయం చేరిన ప్రవరుడు, అది మంచుకు కరిగిపోతే అగ్నిని వేడి ఇల్లు చేరే కథ. ఇదే చివరి పాదంగా ఆటవెలది పూరించాలి. ఆదివారం రాత్రిదాకా గడువు. ప్రవరుణ్ణే పట్టుకు వేలాడక్కర్లేదు, ఎవరి మంచు వాళ్ళది. పోయినసారిలా మొదటి సాయంత్రమే తగువు మొదలెట్టకండి, కనీసం పద్యాలు పడనివ్వండి.

గోదారిగట్టు: బోణీ నాదే.

పసరు పూసికొనిన ప్రవరుడు హిమశైల
శిఖరములను జూచె జిత్త మలర;
లేప మంత కరుగ "లేదు దిక్క"ని మ్రొక్క
మంచు కాళ్ళు నఱికె, మంట మోసె.

పసరు అరువు కాళ్ళండీ. సిద్ధుడెవరో వచ్చి ఇచ్చిపోయాడు, మంచునీళ్ళు కడిగేశాయి. నిప్పు అట్లా కాదు, అతని ఊరు అరుణాస్పదపురంలో రెండు పూటలా నెయ్యి పోసి సాకినది. అందుకే పిలిస్తే వచ్చింది. పెద్దన అతని నోట "దానజపాగ్నిహోత్ర" అని ఎత్తించడంలో కిటుకంతా ఇక్కడే ఉందని నా పట్టు.

పాలమూరు పంతులు: వివరణ పద్యం కన్నా బాగుంది. నేను "లేపమంత కరుగలేదు" దాకా చదివి ఆగిపోయిన. కరగకపోతే మంచు కాళ్ళెట్ల నరికిందబ్బా అని అరగంట తల పట్టుకున్న. "దిక్కు" కనబడ్డాకగాని దిక్కు తోచలేదు.

గోదారిగట్టు: కొటేషన్ గుర్తులు పెట్టాను కదా. కళ్ళజోడు మార్చండి.

పాలమూరు పంతులు: పద్యం చెవితోని వింటరు, గుర్తులు చెవికి వినబడవు. ఇంకోటి, మొక్కినంక మంచు కాళ్ళు నరుకుడేంది? ముందు నరకాలె, తర్వాత మొక్కాలె.

కొత్తకలం: పెద్దలు మన్నించాలి, "కొనిన ప్రవరుడు"లో ప్ర ముందున్న న గురువు కాదా?

నిర్వాహకుడు: వేర్వేరు పదాలు, సమాసం లేదు. తేల్చి పలకండి, లఘువే. మంచి సందేహం.

చికాగో చిన్నాన్న: పొద్దున్నే కారు చుట్టూ మంచు పారతో తోడి వచ్చి రాస్తున్నాను, కాళ్ళు నిజంగానే లేవు. నాకు ప్రవరుడు గుర్తు రాలేదు, పాండవుల మహాప్రస్థానం గుర్తొచ్చింది.

కొండ త్రోవలోన గూలెను ద్రౌపది
ముందు తాను, వెనుక మువ్వు రొకరు;
పుట్టు చోటు వేడి, పోయిన చోటేమొ
మంచు, కాళ్ళు నఱికె, మంట మోసె.

పాలమూరు పంతులు: ఇది విరుపంటే! సమస్యలోని మొదటి మాటను మీది పాదానికి ఇచ్చేసిండు. "మోసె" అంటే కడుపున మోసుడు. యాజ్ఞసేనిని నిప్పు కన్నది, మంచు తిన్నది. అయిదుగురు మగలుండి ఒక్కడు ఆగి లేవనెత్తని చోట ఆమెకు పుట్టింటిని గుర్తు చేసిండ్రు చిన్నాన్నా. ఈ మధ్య ఇక్కడ వచ్చిన పద్యాలలో (కొందరి పద్యాలు మినహాయించకుండనే చెప్తున్న) ఇదే గొప్పది.

గోదారిగట్టు: ఆ కుండలీకరణాలు నాకోసమే అని అర్థమైంది. సరే, మరి "మువ్వురొకరు" ఏమిటి? సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు, వెరసి నలుగురు. నలుగురంటే యతి పోతుందని ముగ్గుర్ని ఒక చోటా ఒకణ్ణి ఇంకో చోటా పడేశారా? పైగా అగ్నిలోంచి లేచినవాడు ధృష్టద్యుమ్నుడు. ద్రౌపది వేదిమధ్యంలోంచి వచ్చింది. మంట మోసింది అన్నని, చెల్లెల్ని కాదు.

చికాగో చిన్నాన్న: వేది మీద నిప్పు లేకుండా చన్నీళ్ళు కాగాయా అండీ? మువ్వురొకరి విషయం మాత్రం ఒప్పుకుంటాను. భీముడు ఒక్కడూ చివర పడ్డాడు కదా అని సర్దుకున్నాను.

నిర్వాహకుడు: సర్దుబాటు బాగుంది. పంతులుగారూ, విమర్శేనా, పూరణ ఉందా?

పాలమూరు పంతులు: ఉన్నది. అందరు ప్రవరుని వెంబడి ఇంటికి పోతున్నరు. అతని మీద మనసుపడ్డ అప్సరసను ఆ కొండ మీదనే వదిలేసి.

వేడివేల్పు చేర వెడలెను విప్రుడు;
వెలది కనులు మూసి వేరొకనికి
చిక్కి, తలచె నెదను జెలువుని తేజమే;
మంచు కాళ్ళు నఱికె, మంట మోసె.

ఈడ "మంట" కర్త కాదు, కర్మ. ఆమె మంటను మోసింది. మార్కండేయ పురాణంలో చూడుండ్రి, అగ్ని ఆవహించిన ఆ విప్రుని రూపం తలచుకుంటనే గర్భం ధరించింది. అందుకే కొడుకు తన కాంతితోనే వెలిగి స్వరోచి అయిండు. ప్రవరుని వేషంల వచ్చిన గంధర్వుడు కండ్లు మూసుకొమ్మన్నడు. కండ్లు తెరిస్తే కనబడేది దొంగ ప్రవరుడు, మూస్తే కనబడేది అసలైనోడు.

చికాగో చిన్నాన్న: అబ్బ! ప్రవరుణ్ణి ఇంటికి చేర్చిన నిప్పే ఆమె కడుపులో మనువుకి తండ్రి అయిందన్నమాట. మొత్తం కథకి మూలస్తంభం ఆ నిప్పే.

గోదారిగట్టు: "మంటను" అనకుండా ద్వితీయ ఎలా వస్తుంది?

నిర్వాహకుడు: జడవాచకం కదా, ద్వితీయ బదులు ప్రథమ వస్తుంది. చిన్నయసూరి ఎప్పుడో ఒప్పుకున్నాడు.

గోదారిగట్టు: సరే. కాళ్ళు ఎవరివి మరి? మీ పద్యంలో రెండు, మూడు పాదాలు ఆమెవి, నాలుగో దాంట్లో హఠాత్తుగా ఆయన కాళ్ళు.

పాలమూరు పంతులు: ఆమెవే. అప్సరస, ఎక్కడికైనా పోగలదు. ఆ దినం సంది ఆ కొండ విడిచి ఆమె మనసు కదిలిందా?

గోదారిగట్టు: బాగానే తప్పించుకున్నారు. అది సరే, పేరు చెప్పకుండా "వెలది" అనడం వెనక కథ మాకు తెలుసు. కిందటి నెల తేటగీతిలో ఇంద్రగణం నింపడానికి "వరూధిని"ని "వరుధిని" అని రాసిన మహానుభావులెవరో! ఆ పిల్ల దీర్ఘం ఇంకా వెతుక్కుంటోంది.

పాలమూరు పంతులు: ఒక్క దీర్ఘం మింగితే నెల రోజులు యాదికుంటదా?

గోదారిగట్టు: నేను "ప్రవరాఖ్య" విషయంలో చేసింది మీకు మూడేళ్ళు గుర్తుంది.

నిర్వాహకుడు: ఆ పేరు సూర్యగణాల్లో ఇమడదన్నది అపోహ. ముందు "ఆ" చేర్చండి, "ఆ వరూధినికిని" అంటే మూడు గణాలు హాయిగా పడతాయి. ఇక ఆపండి.

కొత్తకలం: గోదారిగట్టుగారూ, మీ మూడో పాదంలో "కరుగ" తీసేసి "కరిగె" అంటే? గణం అదే ఉంటుంది. "లేప మంత కరిగె, లేదు దిక్కని మ్రొక్క". అప్పుడు "కరగలేదు" అని వినబడదేమో.

చికాగో చిన్నాన్న: 👏

పాలమూరు పంతులు: చిన్న పిలగాడు పట్టిండు చూడుండ్రి.

గోదారిగట్టు: సవరించాను. కొత్తకలానికి ధన్యవాదాలు, పంతులుగారికి కాదు.

పాలమూరు పంతులు: మొక్కినంక నరుకుడు మాత్రం అట్లనే ఉన్నది.