ఐ-లీగ్ ఫుట్‌బాల్ ఆటగాడు 32 ఏళ్లకు ఆట ఆపేస్తే ముందు ఏ దారి చూసుకోవాలి?

లెఫ్ట్‌బ్యాక్_సికింద్రాబాద్

మా బాబాయి కొడుకు గురించి అడుగుతున్నా. వయసు 32. ఐ-లీగ్ క్లబ్బుల్లో ఎనిమిది సీజన్లు, సంతోష్ ట్రోఫీ (రాష్ట్రాల మధ్య జాతీయ పోటీ) రెండుసార్లు ఆడాడు. మోకాలికి ఏసీఎల్ (లోపలి లిగమెంట్) ఆపరేషన్ అయింది. చదువు ఇంటర్ దగ్గర ఆగింది. కాంట్రాక్టు మే నెలతో అయిపోతుంది, మళ్లీ సంతకం పెట్టడు. కోచ్, రిఫరీ, ఆటగాళ్ల ఏజెంట్, రైల్వే ఉద్యోగం, టర్ఫ్ (అద్దెకిచ్చే కృత్రిమ గడ్డి మైదానం) అంటూ తలో మాటా చెబుతున్నారు. దేనికి ఏం కావాలి, ఎక్కడ దెబ్బ తింటారు?

టచ్‌లైన్

ముందు రైల్వే మాట పక్కన పెట్టండి. రైల్వే స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లలో వయసు 18 నుంచి 25, అందులో సడలింపు ఉండదు. పైగా వాళ్లకు కావాల్సింది ఇప్పుడు తమ జట్టుకు ఆడేవాడు, ఆట మానేసినవాడు కాదు. ఆ తలుపు ఏడేళ్ల కిందే మూసుకుపోయింది.

మిగతా ప్రభుత్వ నోటిఫికేషన్లలో ఏదైనా వయసుకు సరిపోతే అనుకుని, కాగితాలు మాత్రం ఇప్పుడే చేతికి తెచ్చుకోమనండి. కేంద్ర నియమాల్లో క్రీడాకారులకు సర్టిఫికెట్ ఫారాలు ఉంటాయి. దేశానికి ఆడితే ఫారం-1, జాతీయ పోటీల్లో రాష్ట్రానికి ఆడితే ఫారం-2, యూనివర్సిటీకి 3, స్కూలు ఆటలకు 4. సంతోష్ ట్రోఫీ ఫారం-2 కిందకు వస్తుంది, దాని మీద రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి సంతకం కావాలి. చాలామంది పొరబడేది ఇక్కడే: ఎనిమిది సీజన్ల ఐ-లీగ్ కంటే ఆ రెండు సంతోష్ ట్రోఫీలకే విలువ. క్లబ్‌కు ఆడటం రాష్ట్రానికి ఆడినట్టు కాదు మరి. సంఘంలో కార్యవర్గం మారాక పాత రికార్డు వెతికించడం చచ్చేంత పని.

క్లబ్ నుంచి జీతం బాకీ ఉంటే మే లోపే రాతపూర్వకంగా అడగాలి. ఫిఫా ట్రిబ్యునల్ రెండేళ్లు దాటిన గొడవను విననే వినదు. ఇక్కడ ఆటగాడూ క్లబ్బూ ఇద్దరూ ఇక్కడివాళ్లే కాబట్టి కేసు ఏఐఎఫ్ఎఫ్ (జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య) ముందుకు వెళ్తుంది. అక్కడా ఆలస్యం చేసినవాడికి బలం తగ్గుతుంది. క్లబ్ 10 శాతం టీడీఎస్ కోసి ఉంటే 26ఏఎస్ (పాన్ మీద కోసిన పన్నుల లెక్క) చూసుకుని రిటర్న్ వేయాలి. ఆదాయం తక్కువైతే ఆ డబ్బు తిరిగొస్తుంది, రేపు బ్యాంకు లోను అడిగినా ఆ రిటర్నులే చూపించాలి.

ఇక కోచింగ్. మెట్లు ఇవి: ఏఐఎఫ్ఎఫ్ డి, తర్వాత ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) సి, బి, ఎ, చివర ప్రో. డి లైసెన్స్ ఆరు రోజుల కోర్సు, 18 ఏళ్లు నిండితే చాలు. ఐ-లీగ్ ఆడానన్న ధీమాతో వెళ్లి అక్కడ తడబడేవాళ్లు ఉన్నారు. అక్కడ చూసేది బంతి ఎలా తన్నావని కాదు. పన్నెండేళ్ల పిల్లలకు ఒక సెషన్ రాసి, కోన్లు పెట్టి, ఎక్కడ ఆపి ఏం సరిచేశావన్నది. ఆపరేషన్ అయిన మోకాలు ఇక్కడ పెద్ద అడ్డు కాదు. తర్వాతి మెట్లకు నిజంగా ఒక జట్టుకు శిక్షణ ఇచ్చిన అనుభవం చూపాలి, కాబట్టి డి రాగానే అకాడమీలో చేరిపోవాలి, జీతం ఎంత తక్కువైనా సరే. భారత మాజీ ఆటగాడు ఖాలిద్ జమీల్ 2009లో ఆట ఆపి అదే ఏడాది ముంబై ఎఫ్‌సీ కోచ్ అయ్యాడు. 2017లో ఐజ్వాల్ క్లబ్‌తో ఐ-లీగ్ గెలిచాడు. జాతీయ జట్టు చేతికొచ్చింది 2025లో. ఆటగాడిగా పేరున్నవాడికే పదహారేళ్లు పట్టింది.

పెనాల్టీబాక్స్_నల్గొండ

రిఫరీ వైపు నేను చెబుతా. 17 నియమాలు ఆటగాడికి తెలిసినట్టే ఉంటాయి కానీ పరీక్షలో అడ్వాంటేజ్ (ఫౌల్ జరిగినా ఆట సాగనివ్వడం), ఆఫ్‌సైడ్‌లో 'డెలిబరేట్ ప్లే' (ప్రత్యర్థి కావాలని బంతి ఆడటం) లాంటివి వచ్చేసరికి మాజీలే ఎక్కువ మార్కులు పోగొట్టుకుంటారు, మైదానంలో వాదించిన అలవాటు కొద్దీ.

అసలు చిక్కు ఫిట్‌నెస్. అంతర్జాతీయ స్థాయి పురుష రిఫరీకి 40 మీటర్ల స్ప్రింట్లు ఆరు, ఒక్కోటి 6 సెకన్లలోపు. ఆ తర్వాత 75 మీటర్లు 15 సెకన్లలో పరుగు, 25 మీటర్లు 18 సెకన్లలో నడక. ఇలా 40 సార్లు, అంటే ట్రాక్ మీద పది రౌండ్లు. కింది స్థాయిల్లో సమయాలు కొంచెం ఉదారంగా ఉంటాయి కానీ పద్ధతి ఇదే. ఆపరేషన్ మోకాలికి స్ప్రింట్ కన్నా ఈ ఆగడం, మళ్లీ లేవడమే ఎక్కువ బాధ పెడుతుంది. 32కి జిల్లా స్థాయిలో మొదలుపెట్టి ఫిఫా బ్యాడ్జి (అంతర్జాతీయ రిఫరీ హోదా) ఆశించడం అత్యాశ. శని, ఆదివారాల మ్యాచ్ ఫీజు కోసమైతే బాగుంటుంది, అదొక్కటే జీవనాధారం అనుకోవద్దు.

చాక్‌పీస్_వరంగల్

టచ్‌లైన్ గారూ, లైసెన్స్ ఒక్కటే ఉన్నవాడికి నెలనెలా జీతం గ్యారంటీ లేదు కదా. 2025 జులైలో దేశంలో పెద్ద లీగ్ ఐఎస్‌ఎల్‌నే నిలిపేశారు, కోచ్‌లూ సిబ్బందీ ఎక్కడికి పోవాలో తెలియలేదు. నా మాట: మొదట పీఈసెట్ (వ్యాయామ విద్య ప్రవేశ పరీక్ష) రాయించండి.

ఇంటర్ ఉంది కాబట్టి ఇప్పుడే యూజీడీపీఈడీ (వ్యాయామ విద్య డిప్లొమా)లో చేరవచ్చు, రెండేళ్లు. డిగ్రీ ఉంటే బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ), అదీ రెండేళ్లే, తర్వాత పై స్థాయి పోస్టులకూ దారి. పీఈసెట్‌లో దేహదారుఢ్య పరీక్షకు 400 మార్కులు: మగవాళ్లకు 100 మీటర్లు, 800 మీటర్లు, షాట్‌పుట్, లాంగ్‌జంప్ లేదా హైజంప్. ఎంచుకున్న ఆటలో నైపుణ్యానికి ఇంకో 100. ఫుట్‌బాలర్లు పరుగులో గట్టెక్కి షాట్‌పుట్‌లో మునుగుతారు. కాళ్లకు ఉన్న బలం భుజానికి ఉండదు, విసిరే పద్ధతి ఎవరూ నేర్పి ఉండరు. రెండు నెలలు అదే పట్టుకోవాలి. జంప్‌లో దిగేది ఏ కాలి మీదో ఫిజియోతో మాట్లాడి లాంగ్‌జంపా హైజంపా నిర్ణయించుకోమనండి. ఫిట్‌నెస్ తగ్గకముందే, అంటే ఈ ఏడాదే రాయాలి. టీచర్ పోస్టులకు వయోపరిమితి నలభై దాటి ఉంటుంది కాబట్టి కంగారు లేదు.

1951, 1962 ఏషియన్ గేమ్స్ స్వర్ణాలు తెచ్చిన కోచ్, మన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ బడి పంతులే అని గుర్తు చేయండి. బడిలో ఉద్యోగం, సాయంత్రం కోచింగ్, సెలవుల్లో లైసెన్స్ కోర్సులు: ఇవి ఒకదానికొకటి అడ్డురావు.

'రీసెట్' కూడా చూడండి. రిటైరైన క్రీడాకారుల కోసం కేంద్రం 2024 ఆగస్టు 29న మొదలుపెట్టిన శిక్షణ, గ్వాలియర్‌లోని వ్యాయామ విద్యా సంస్థ ఎల్‌ఎన్‌ఐపీఈ నడుపుతోంది. 20 నుంచి 50 ఏళ్ల లోపు వాళ్లకు. పన్నెండో తరగతి, ఆపైన చదివినవాళ్లకు ఒక స్థాయి, కింద ఉన్నవాళ్లకు ఇంకోటి.

నెట్‌పోస్ట్

టర్ఫ్ గురించి రెండు ముక్కలు. ఫైవ్-ఎ-సైడ్‌కు 40 బై 20 మీటర్ల ఆటస్థలం, చుట్టూ వదలాల్సింది అదనం. గడ్డి 50 మిల్లీమీటర్లది వేసి ఇసుక, రబ్బరు నింపుతారు. అందరూ గడ్డి రేటు మీద బేరమాడి కింద కంకర పొరలో, వాలులో మిగిల్చుకుంటారు. మొదటి వానాకాలానికే నీళ్లు నిలిచి అతుకులు లేస్తాయి. రబ్బరును వారం వారం బ్రష్‌తో సర్దకపోతే గోల్ ముందు గుంట పడుతుంది. ఇక మూడేళ్ల లీజు మీద వేయడం తెలివితక్కువ పని. టర్ఫ్ ఇంకా బతికుండగానే స్థలం యజమాని అద్దె రెట్టింపు అడుగుతాడు.

లెఫ్ట్‌బ్యాక్_సికింద్రాబాద్

అందరికీ థాంక్స్. అకాడమీలో కోచ్‌గా ఉంటూ పక్కన ఏజెంట్ లైసెన్స్ కూడా తీసుకోవచ్చా?

టచ్‌లైన్

కుదరదు. క్లబ్‌లో గానీ, దానికి చెందిన అకాడమీలో గానీ, సంఘంలో గానీ పదవిలో, ఉద్యోగంలో ఉన్నవాడికి ఫిఫా ఏజెంట్ లైసెన్స్ ఇవ్వదు, అది ప్రయోజనాల ఘర్షణ. పరీక్ష 20 ప్రశ్నలు, 60 నిమిషాలు, 75 శాతం రావాలి. నిబంధనల పుస్తకం దగ్గర పెట్టుకోవచ్చు, అయినా వెతుక్కునే టైం ఉండదు. పరీక్ష భాషలు ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్ మాత్రమే. పాసయ్యాక ఏటా 600 డాలర్లు కట్టాలి. ఒక్క ఆటగాడి సంతకం లేకుండా ఆ డబ్బు కట్టడం కన్నా, అదే సొమ్ము సి లైసెన్స్ కోసం దాచుకోమనండి. పీఈసెట్ దరఖాస్తు తేదీ మాత్రం దాటనివ్వొద్దు.