సమస్యాపూరణం: "తలయె తెగిన వాడె దారి జూపె"

నిర్వాహకులు:
ఈ వారం సమస్య:

తలయె తెగిన వాడె దారి జూపె

ఇచ్చిన విషయం గిట్, అంటే ప్రోగ్రామర్లు కోడ్‌లో చేసిన మార్పుల చరిత్రను భద్రపరిచే సాధనం. రోజూ పనిలో అది పెట్టే తిప్పలు, వాటిలోంచి బయటపడే దారులు. "యూ ఆర్ ఇన్ డిటాచ్డ్ హెడ్ స్టేట్" అన్న హెచ్చరిక (మనం నిలబడిన చోటును చూపే "హెడ్" ఏ బ్రాంచికీ, అంటే ఏ పని శాఖకూ, అతుక్కుని లేదని అర్థం) తెరమీద కనబడగానే ఈ పాదం నోట్లోకి వచ్చేసింది, ఇంక వదలడం లేదు. కబంధుణ్ణి మాత్రం పిలవకండి. ఈ పాదం వినగానే అందరికీ ముందు గుర్తొచ్చేది ఆయనే. ఇంకో మాట: పద్యం నడిస్తే చాలదు, అందులో చెప్పిన ఉపాయం నిజంగా పనిచేయాలి.

తేనెపట్టు:
వద్దన్నా సరే, చేయి ఆగలేదు. ఇది లెక్కలోకి తీసుకోకపోయినా ఫర్వాలేదు.

చేతులూడి పడియు చెప్పెను మార్గమ్ము
చెలిమి సేయుమనుచు సీత కొరకు
రామునకు కబంధ రాక్షసుండటవిని
తలయె తెగిన వాడె దారి జూపె

యతిమైత్రి:
తేనెపట్టు గారూ, నడక బాగుంది, "చెలిమి"కి "సీత"తో యతి ముచ్చటగా కుదిరింది. కానీ మొదటి పాదంలోనే "చెప్పెను మార్గమ్ము" అన్నాక చివర మళ్లీ "దారి జూపె" అంటే చెప్పిందే చెప్పినట్టయింది. పైగా కబంధుడి తల తెగనే లేదు. ఇంద్రుడి వజ్రాయుధం దెబ్బకు అది కడుపులోకి దిగిపోయింది. రామలక్ష్మణులు నరికింది చేతుల్ని. సమస్యలో అడిగింది తెగిన తల కదా.

రాత్రికాపరి:
కబంధుడి సంగతి అలా ఉంచి గిట్‌లోకి వస్తాను. ఏ ట్యాగ్‌కో, పాత కమిట్‌కో చెకవుట్ చేసి, అంటే కోడ్‌ను ఆ పాత స్థితికి మార్చుకుని, అక్కడే నిలబడి రెండు మూడు కమిట్లు చేసి (మార్పులను నమోదు చేసి), తర్వాత ప్రధాన బ్రాంచి మెయిన్‌కు వెళ్లిపోతే ఆ పని గాల్లో కలిసిపోయినట్టే కనిపిస్తుంది. దానికి మందు, హెడ్ కదలికలను రాసిపెట్టే రీఫ్లాగ్. నా పూరణ:

పాత చోట నిల్చి పనిచేసి మరలగ
మాయమయ్యె నంత మా కమిట్లు
రేయి పగలు రాయు రీఫ్లాగు పుటలలో
తలయె తెగిన వాడె దారి జూపె

నిర్వాహకులు:
"రేయి"కి "రీఫ్లాగు"! ఈ మాటకు ఇంత సహజమైన యతి ఇంతవరకూ ఎవరూ పట్టలేదు. భేష్ రాత్రికాపరి గారూ.

యతిమైత్రి:
యతికి నేనూ చప్పట్లు కొడతాను. అయితే "రేయి పగలు రాయు" చదివినవాడు రీఫ్లాగ్ శాశ్వతం అనుకుంటాడు. సెట్టింగ్ మార్చకపోతే మామూలు నమోదులు 90 రోజులు ఉంటాయి. మీ పద్యంలోలాగా ఏ బ్రాంచికీ అందని కమిట్లవైతే 30 రోజులే. అదీగాక రీఫ్లాగ్ ఆ ఒక్క యంత్రానిదే. పుష్ చేస్తే (కమిట్లను సర్వర్‌కు పంపితే) అవతలికి వెళ్లదు, క్లోన్ చేస్తే (కొత్తగా ప్రతి తెచ్చుకుంటే) వెంట రాదు. ఫోల్డర్ చెరిపేసి మళ్లీ క్లోన్ చేసుకుని రీఫ్లాగ్‌లో వెతికేవాళ్లు ఎంతమందో. వాళ్లకు ఈ పద్యం దారి చూపదు.

ఈ అలవాటు మీకు కొత్త కాదు. స్టాష్ (ఇంకా కమిట్ చేయని మార్పులను తాత్కాలికంగా పక్కన దాచే ఆజ్ఞ) సమస్య ఇచ్చినప్పుడు "దాచి పెట్టుకొనిన ధనము స్టాషు" అని ముగించారు. కొత్తగా సృష్టించి ఇంకా యాడ్ చేయని ఫైళ్లను స్టాష్ దాచుకోదు, దానికి -యు జత చేయాలి. ఆ మాట పద్యంలోనూ లేదు, కింద వివరణలోనూ లేదు.

రాత్రికాపరి:
ఆ పద్యం ఇంకా మీ మనసులో ఉందంటే నాకు సంతోషమే. నాలుగు పాదాల్లో మాన్యువల్ మొత్తం పట్టదు మాస్టారూ. అయినా స్టాష్ ధనం కాదనడానికి మీరు తెచ్చిన కారణం చాలదు. దాచనిది దొరకలేదని పెట్టెను తప్పుపడతామా? పాప్ చేసేటప్పుడు (దాచినది తిరిగి తీసేటప్పుడు) కాన్‌ఫ్లిక్ట్ వస్తే (మార్పులు ఒకదానితో ఒకటి పొసగకపోతే) గిట్ ఆ స్టాష్‌ను పారేయదు, జాబితాలో అలాగే ఉంచుతుంది. పొరపాటున డ్రాప్ చేసినా (జాబితాలోంచి తీసేసినా), గిట్ చెత్త ఊడ్చే గార్బేజ్ కలెక్షన్ దాన్ని ఊడ్చేయకముందు ఎఫ్‌ఎస్‌సీకే అనే తనిఖీ ఆజ్ఞ నడిపితే డాంగ్లింగ్ (ఏ పేరూ పట్టుకోని) కమిట్లలో దొరుకుతుంది. ధనం కాక మరేమిటి?

పాతప్రతి:
ఇద్దరూ కాస్త శాంతించండి. బ్రాంచి మీద ఎవరో ఫోర్స్ పుష్ చేసినప్పుడు (సర్వర్‌లోని చరిత్ర స్థానంలో తమదాన్ని బలవంతంగా పెట్టినప్పుడు) రీఫ్లాగ్ కన్నా ముందు నేను చూసే చోటు వేరే ఉంది.

ఫోర్సు పుష్షు తోడ పోయె నందరి పని
బ్రాంచి పాతదంత పాడువడియె
బిల్డు యంత్రమందు విడిగ నిల్చిన ప్రతి
తలయె తెగిన వాడె దారి జూపె

బిల్డ్ సర్వర్లు (కోడ్‌ను కూర్చి పరీక్షించే యంత్రాలు) చాలావరకు బ్రాంచి పేరు పట్టుకోవు, నేరుగా కమిట్‌ను చెకవుట్ చేస్తాయి. అలాంటి చోట ఎప్పుడూ తెగిన తలే. చివరి బిల్డ్ లాగ్‌లో ఆ కమిట్ హాష్ (దాన్ని గుర్తించే సంకేతం) ఉంటుంది. దాని మీద బ్రాంచి పెట్టి తిరిగి పుష్ చేస్తే అందరి పనీ వెనక్కి వస్తుంది.

తేనెపట్టు:
"నిల్చిన ప్రతి" దగ్గర ఆగాను. "ప్ర" ముందున్న "న" గురువు అవదా? అయితే గణం చెడినట్టే.

యతిమైత్రి:
అవదు. అది సమాసం కాదు, తెలుగు మాట తర్వాత విడిగా వచ్చిన పదం. "న" లఘువే. "బిల్డు"కు "విడిగ" కూడా చెల్లుతుంది, బ-వలకు అభేదం ఉంది. ఛందస్సులో పాతప్రతి గారిని పట్టుకోవడం కష్టం, విషయంలో ఒకటుంది. బిల్డ్ యంత్రం చరిత్రంతా తెచ్చుకోకుండా చివరి ఒక్క కమిట్‌నే తెచ్చుకునే ఏర్పాటులో ఉంటే? అక్కడ వెనకటి కమిట్లు ఉండవు.

పాతప్రతి:
నిజమే, చాలాచోట్ల అలాగే పెడతారు. అప్పుడు యంత్రం ఇచ్చేది హాష్ ఒక్కటే. కానీ ఆ హాష్ తెలిశాక, ఫోర్స్ పుష్‌కు ముందు ఫెచ్ చేసుకున్న (సర్వర్ నుంచి కమిట్లు తెచ్చుకున్న) సహోద్యోగి ఎవరి దగ్గరైనా ఆ కమిట్ ఉంటుంది. దారి చూపడం అంటే అదే కదా.

అసలు ఈ గొడవ రాకుండా ఫోర్స్ బదులు ఫోర్స్ విత్ లీజ్ వాడమని అందరికీ చెబుతూ ఉంటాను. మనం చివరిసారి చూసిన చోట రిమోట్ (సర్వర్‌లోని ప్రతి) లేకపోతే అది పుష్‌ను ఆపేస్తుంది. ఎడిటర్ వెనకాల తనంతట తాను ఫెచ్ చేస్తుంటే మాత్రం ఆ కాపలా పనిచేయదు. మనం కళ్లతో చూడకపోయినా, గిట్ లెక్కలో చూసేసినట్టే.

యతిమైత్రి:
ఇదిగో నా పూరణ, తప్పు ఏ కమిట్‌లో దూరిందో వెతికిపెట్టే బైసెక్ట్ మీద. ఈ పాదానికి గిట్‌లో అచ్చంగా సరిపోయే సందర్భం ఒక్కటే అని నా నమ్మకం.

పాత కోడు మంచి, ప్రస్తుతమ్మున చెడె,
తప్పు దూరు చోటు తట్టలేదు
సగము సగము కోసి సాగు బైసెక్టులో
తలయె తెగిన వాడె దారి జూపె

బైసెక్ట్ నడుస్తున్నంతసేపూ హెడ్ ఏ బ్రాంచి మీదా ఉండదు. ప్రతి మెట్టులోనూ గిట్ మధ్య కమిట్‌కు చెకవుట్ చేసి, మంచిదా చెడ్డదా అని అడుగుతుంది. వెయ్యి కమిట్లున్నా పది పరీక్షల్లో దోషి దొరుకుతుంది. కనుక ఇక్కడ తల తెగడం ప్రమాదం కాదు, పద్ధతే అది. రీఫ్లాగ్‌లోనూ బిల్డ్ యంత్రంలోనూ తెగిన తల పక్కన నిలబడి సాయం చేస్తోంది. బైసెక్ట్‌లో అదే ముందు నడుస్తోంది.

నిర్వాహకులు:
"సగము సగము కోసి" దగ్గర నేను లేచి నిలబడ్డాను. తల తెగిన సంగతికి ముందే కోత మొదలైంది! సమస్యలోని అసంభవం మూడో పాదంలోనే కరిగిపోయింది. పూరణ అంటే ఇలా ఉండాలి.

రాత్రికాపరి:
పద్యం గొప్పగా ఉంది, మనసారా ఒప్పుకుంటున్నాను. "తట్టలేదు" మీద మాత్రం ఒక మాట. ప్రతి మెట్టులో చేత్తో పరీక్షిస్తూ కూర్చోకుండా బైసెక్ట్ రన్‌కు ఒక స్క్రిప్టు ఇస్తే అదే నడుస్తుంది. స్క్రిప్టు నుంచి సున్నా వస్తే మంచి, 125 వస్తే ఈ కమిట్ తేల్చలేం, వదిలేయ్ అని అర్థం. బిల్డే కాని కమిట్లు మధ్యలో ఉన్నప్పుడు ఆ 125 తెలియక, వాటిని చెడ్డవని గుర్తుపెట్టి తప్పు దోషిని పట్టుకుంటారు. ఇంకొకటి, పని అయ్యాక బైసెక్ట్ రీసెట్ కొట్టాలి. లేకపోతే తెగిన తలతోనే కొత్త పని మొదలుపెడతారు, మళ్లీ నా పద్యం దగ్గరికే వస్తారు.

కొత్తకొమ్మ:
పెద్దల మధ్య నా మొదటి ప్రయత్నం. మెర్జ్ (రెండు బ్రాంచిలను కలపడం) కాన్‌ఫ్లిక్ట్‌లో హెడ్ అని రాసి ఉన్న గుర్తును తీసేయడమే తల తెగడం అనుకుని రాశాను.

మెర్జు వేళ వచ్చె మిక్కిలి కలహమ్ము
వాని రాత, నాది వాదులాడె
హెడ్డు గుర్తు తీసి యేరి కలిపితి
తలయె తెగిన వాడె దారి జూపె

నిర్వాహకులు:
స్వాగతం. ఊహ కొత్తగా ఉంది, "హెడ్డు"కు "యేరి" యతి కూడా తెలిసి వేసిందే. మూడో పాదం చివర ఒక అక్షరం తగ్గింది, "కలిపితి" అక్కడ నిలవదు. "యేరి కలిపినంత" అంటే గణం నిండుతుంది, సమస్యలోకి వాక్యం కూడా సాఫీగా జారుతుంది.

యతిమైత్రి:
"వాని రాత, నాది వాదులాడె" నాకు చాలా నచ్చింది. కాన్‌ఫ్లిక్ట్ ఫైలు తెరిస్తే కనబడేది అదే. ఒక విషయం గుర్తుంచుకోండి. హెడ్ గుర్తు ఒక్కటే తీస్తే చాలదు, మధ్యలోని సమానాల గీత, కింద రెండో వైపు పేరున్న గీత కూడా పోవాలి. అవి మిగిలిపోయిన ఫైలును యాడ్ చేసినా గిట్ అడ్డుకోదు, అలాగే కమిట్ అయిపోతుంది.

కొత్తకొమ్మ:
ధన్యవాదాలండీ. ఒక సందేహం. రీబేస్‌లో కాన్‌ఫ్లిక్ట్ వస్తే హెడ్ వైపు ఉన్నది నా కోడ్ కాకుండా అవతలివాళ్లది కనబడుతోంది. నాదే తీసేస్తున్నానేమో అని టెన్షన్‌గా ఉంటుంది.

పాతప్రతి:
కనబడుతున్నది సరైనదే. రీబేస్‌లో గిట్ ముందు అవతలి బ్రాంచి కొస మీద నిలబడి, మీ కమిట్లను ఒక్కొక్కటిగా దాని మీద పేరుస్తుంది. అందుకే అక్కడ "అవర్స్" అంటే అవతలివాళ్లది, "దెయిర్స్" అంటే మీది. అయోమయంగా ఉంటే రీబేస్ అబార్ట్ కొట్టండి, మొదలుపెట్టిన చోటికి వచ్చేస్తారు. రీబేస్ సాగుతున్నప్పుడు కూడా హెడ్ తెగే ఉంటుంది, దాని మీదా ఎవరైనా పూరించవచ్చు.

రాత్రికాపరి:
యతిమైత్రి గారు కబంధుడి తల కడుపులోకి దిగింది అన్నప్పటి నుంచి ఒకటి తొలుస్తోంది. డిటాచ్డ్ స్థితిలో మాత్రం తల తెగిందా? డాట్‌గిట్ ఫోల్డర్‌లో హెడ్ అనే చిన్న ఫైలు తెరవండి. మామూలుగా అందులో "రెఫ్" అని, పక్కన బ్రాంచి దారి రాసి ఉంటుంది. డిటాచ్ అయితే ఆ పేరు పోయి, 40 అక్షరాల హాష్ నేరుగా కూర్చుంటుంది. జరిగేది అంతే. ఫైలు అక్కడే ఉంది, కమిట్లు అక్కడే ఉన్నాయి.

శాఖ పేరు వదలి సంఖ్యనే పట్టిన
హెడ్డు చెడినదనుట యెట్లు చెల్లు?
పేరు పెట్టినంత పెరిగె కొత్తగ కొమ్మ
తలయె తెగిన వాడె దారి జూపె

బయటికి వెళ్లకముందే గిట్ స్విచ్ -సి అని ఒక పేరు ఇవ్వడమే మూడో పాదం. అప్పుడు రీఫ్లాగ్ పుటలూ అక్కర్లేదు, 30 రోజుల గడువు బెంగా అక్కర్లేదు.

తేనెపట్టు:
అంటే నా కబంధుడే దారి చూపాడు!

యతిమైత్రి:
"పెరిగె కొత్తగ కొమ్మ" ముందు నా బైసెక్ట్ పద్యం వెనకబడింది, సంతోషంగా చెబుతున్నాను. ఒక్క మాట మాత్రం అడగాలి. హాష్‌లో ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా ఉంటాయి, "సంఖ్యనే" అనవచ్చా?

రాత్రికాపరి:
పదహారు ఆధారంగా రాసిన సంఖ్యే కదా మాస్టారూ. "శాఖ"కు యతి కూడా అదే ఇచ్చింది.

నిర్వాహకులు:
"సంఖ్య" నిలుస్తుంది. ఈ వారం మొదటి పూరణగా రాత్రికాపరి గారి రెండో పద్యం, దాని పక్కనే యతిమైత్రి గారి బైసెక్ట్. కొత్తకొమ్మ గారూ, సవరించిన మూడో పాదంతో మీ పద్యం మళ్లీ పెట్టండి, దాన్నీ చేరుస్తాను.