వీలునామా ఎగ్జిక్యూటర్‌గా నా బాధ్యత ఎంతవరకు?

మలక్‌పేటలో ఉండే మా మేనమామగారు ఇటీవల కాలం చేశారు. రిజిస్టరు చేయించని తన వీలునామాలో, ఇద్దరు అల్లుళ్ళను కాదని నన్ను ఎగ్జిక్యూటర్‌గా (వీలునామాను అమలుచేసే వ్యక్తిగా) నియమించారు. భారత వారసత్వ చట్టం, 1925లోని 211వ సెక్షన్ ప్రకారం ఆస్తి ఎగ్జిక్యూటర్ పరమవుతుందని, అంత్యక్రియల ఖర్చులు, అప్పులు తీర్చాకే మిగిలినది పంచాలని చదివాను. అయితే బ్యాంకువారు ఫిక్స్‌డ్ డిపాజిట్ సొమ్ము ఇవ్వడానికి ప్రొబేట్ (వీలునామా సరైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తెమ్మంటున్నారు. మామయ్య నీలి సిరాతో, వణికే చేత్తో పెట్టిన సంతకాన్ని పెద్దల్లుడుగారు శంకిస్తున్నారు. సాక్షులిద్దరిలో ఒకరు ఇప్పుడు లేరు. ప్రొబేట్ వచ్చాక 6 నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలోపు లెక్కలు కోర్టుకు సమర్పించాలట. నా వంటి చిరుద్యోగికి అది తలకు మించిన భారమే. సిటీ సివిల్ కోర్టులో నేనే దరఖాస్తు చేయాలా, లేక ఏ ఆస్తినీ ముట్టుకోకముందే ఈ బాధ్యతను వదులుకోవచ్చా? మిగిలిన సాక్షి వాంగ్మూలం ఒక్కటే సరిపోతుందా? అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.