ప్రయాణంలో బాబిన్ లేస్ దిండును వెంట తీసుకెళ్లవచ్చా?

రైలు కిటికీ (అనంతపురం): నెలకు రెండుసార్లు రైలులో బెంగళూరు వెళ్తుంటాను. దారం చుట్టిన కండెలను (బాబిన్లను) దిండు మీద దాటిస్తూ, మెలి తిప్పుతూ, గుండుసూదులతో నిలిపి అల్లే లేసు నాది. చిన్న దిండు మీద 12 జతల కండెలతో టార్షన్ అనే రకం లేసు పట్టీ మొదలుపెట్టాను. దానిని బండిలో అల్లుకోవచ్చా? అనుభవమున్నవారు చెప్పగలరు.

పెన్నా గట్టు (కడప): వద్దమ్మా. 12 జతలంటే 24 కండెలు. బండి కుదుపుకు అవి ఒకదానిపై ఒకటి దొర్లితే, ఏ జతను దాటించారో, ఏ జతను మెలి తిప్పారో తెలియకుండా పోతుంది. దారం బిగువు సడలినచోట గుండుసూది తీశాక ఆ లోపం పట్టీలో ఉండిపోతుంది. పక్కన పసిబిడ్డ కూర్చుంటే ఆ సూదులకు ఎవరు బాధ్యులు?

బురుజు నీడ (కర్నూలు): నరసాపురం స్త్రీలు అరుగుల మీద కబుర్లు చెప్పుకుంటూనే లేసు అల్లుతారు. వారి పనికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అరుగు మీద కుదిరేది బండిలో ఎందుకు కుదరదు?

పెన్నా గట్టు: నరసాపురం వారిది క్రోషే అల్లిక. ఒకే కొక్కెం, ఒకే దారం. ఎక్కడ ఆపినా ఒక్క ముడి కాపాడుకుంటే చాలు. కండెల లేసు అలాంటిది కాదు. మన దక్షిణాదిలో దానిని 19వ శతాబ్దంలో మిషనరీలు నాగర్‌కోయిల్‌లో నేర్పారు. రెండింటినీ కలిపి మాట్లాడితే చర్చ ముందుకు సాగదు.

బురుజు నీడ: రెండింటినీ లేసు అనే పిలుస్తారు కదా!

మగ్గం గుంత (ధర్మవరం): వరుస పూర్తయ్యాకే ఆపండి. సూదులను తలల వరకు దిండులోకి దించి, కండెలను నాలుగేసి జతలుగా రబ్బరు పట్టీతో కట్టి, పైన గుడ్డ కప్పి బిగించండి.

పెన్నా గట్టు: అలా కట్టిన దిండునే బస్సులో ఎవరో పైఅరలోంచి లాగి పడేశారు. మూడు నెలల పని పోయింది. పోయినవారికే ఆ బాధ తెలుస్తుంది.

రైలు కిటికీ: అక్కా, మీ నష్టానికి నిజంగా బాధపడుతున్నాను. అయితే నేను బెంగళూరు వెళ్లేది అమ్మ చికిత్స కోసం. ఇంట్లో వంట, పిల్లలు, మందులు తప్ప నాకంటూ మిగిలింది ఆ ప్రయాణమే. హిందూపురం దాటాక అమ్మ నిద్రపోతుంది. ఆ సమయంలో కూడా దిండు ముట్టవద్దని చెప్పడానికి మీరెవరు?

పెన్నా గట్టు: కోపగించుకోకమ్మా. మా అమ్మ పెళ్లికి వెళ్లినా, ఆసుపత్రిలో కూర్చున్నా, బస్సెక్కినా పరాయివారి చీరలకు ఫాల్ కుడుతూనే ఉండేది. ఆమె కిటికీలోంచి బయటకు చూడగా నేనెన్నడూ చూడలేదు. ఆడవారు దారిలో కూడా పని పట్టుకుని కూర్చుంటే నాకు ఊపిరాడదు. సూదుల మాట ముందు చెప్పాను గానీ, నా అసలు అభ్యంతరం ఇదే.

రైలు కిటికీ: మీ అమ్మగారు ఇతరుల చీరలు కుట్టారు. ఈ పట్టీని నేను ఎవరికీ ఇవ్వను, అమ్ముకోను కూడా. దాటించడం, మెలి తిప్పడం, సూది గుచ్చడం అనే ఆ మూడింటి మీదే మనసు ఉన్నంతసేపు ఆసుపత్రి రిపోర్టులు నాకు గుర్తురావు. నాకు అదే విశ్రాంతి.

బురుజు నీడ: అయినా నరసాపురం విషయంలో నా మాట మీదే నేనున్నాను.

పెన్నా గట్టు: పని వేరు, విశ్రాంతి వేరు అనే నా అభిప్రాయం మారలేదు. అయితే 12 జతలు మాత్రం బండికి ఎక్కువ. ఆరు జతలతో సన్నని పట్టీ వేసుకో. కిటికీ పక్కన కూర్చుని, సూదులను గోడవైపు పెట్టుకో.

రైలు కిటికీ: ఆరు జతలకు సరిపడే, సూదులు గుచ్చే చోట్లు చూపే నమూనా అట్ట మీ దగ్గర ఉందా అక్కా?